ప్రొలాక్టినోమాతో గర్భం: మాత్ర ఆపే రోజు, ఆ తర్వాతి తొమ్మిది నెలలు

గర్భ పరీక్షలో రెండు గీతలు కనిపించిన రోజు, ప్రొలాక్టినోమాకు, అంటే పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అతిగా వదిలే పిట్యూటరీ గడ్డకు, మందు వాడుతున్న స్త్రీకి సంతోషంతో పాటే ఒక సందేహం కూడా మొదలవుతుంది. రేపు వేసుకోవాల్సిన మాత్ర వేసుకోవాలా, ఆపెయ్యాలా? ఏళ్ల తరబడి నెలసరి రాని మనిషికి నెలసరి తెప్పించింది ఆ మాత్రే. అండం విడుదలైందన్నా, గర్భం నిలిచిందన్నా దాని చలవే. ఇప్పుడు దాన్నే ఆపెయ్యమంటే, కణితి మళ్లీ పెరుగుతుందేమో అని ఒక భయం. ఆపకపోతే బిడ్డకు ఏమవుతుందో అని ఇంకో భయం.

ఈ జబ్బులో గర్భం వచ్చిన రోజు నుంచి చికిత్స తీరు దాదాపు తలకిందులవుతుంది. అంతవరకు ఆధారంగా నిలిచిన మందు చాలామందికి ఆగిపోతుంది. అంతవరకు దారి చూపిన రక్తపరీక్ష అంకె పనికిరాకుండా పోతుంది. ఇక గమనించాల్సింది తలనొప్పిని, కంటిచూపుని. ఈ మార్పు ఎందుకో ముందే తెలిసిన స్త్రీకి ఆ తొమ్మిది నెలలు చాలావరకు మామూలుగానే గడుస్తాయి. తెలియకపోతే భయంతో ఎవరికీ చెప్పకుండా మాత్ర మింగడమో, నెలనెలా ప్రొలాక్టిన్ పరీక్ష చేయించుకుని పెరిగిన అంకెను చూసి కుమిలిపోవడమో జరుగుతుంది. నిజానికి ఆ రెండిటి అవసరమూ లేదు.

పిట్యూటరీ గ్రంథి బఠాణీ గింజంత ఉంటుంది. కళ్ల వెనుక, మెదడు అడుగున, గుర్రపు జీను ఆకారంలో ఉన్న ఎముక గుంటలో కూర్చుని ఉంటుంది. థైరాయిడ్‌కీ, అడ్రినల్ గ్రంథులకూ, అండాశయాలకూ ఆజ్ఞలు ఇక్కడి నుంచే వెళతాయి. ఈ గ్రంథి వదిలే హార్మోన్లలో చాలావాటిని దాని పైన మెదడులో ఉన్న హైపోథాలమస్ అనే భాగం ‘వదులు, వదులు’ అని ముందుకు తోస్తుంది. ప్రొలాక్టిన్ విషయంలో వ్యవహారం వేరు. దానికి ఎప్పుడూ కళ్లెం వేసే ఉంచుతుంది. ఆ కళ్లెం డోపమైన్ అనే రసాయనం. డోపమైన్ అందినంత సేపూ ప్రొలాక్టిన్ అదుపులో ఉంటుంది. కళ్లెం వదులైతే అది పెరిగిపోతుంది.

ప్రొలాక్టిన్ తయారుచేసే కణాలు గుంపుగా పెరిగి చిన్న గడ్డ కడితే దాన్ని ప్రొలాక్టినోమా అంటారు. హార్మోన్లు వదిలే పిట్యూటరీ గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే మైక్రో, అంతకు మించితే మాక్రో అంటారు. ఈ 10 అనే గీతను గుర్తుపెట్టుకోవాలి, గర్భం విషయంలో చాలా నిర్ణయాలు దాని మీదే ఆధారపడతాయి. ఇది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. మెదడు లోపలి గడ్డ కూడా కాదు. అయినా ఇళ్లలో ‘బ్రెయిన్ ట్యూమర్’ అన్న మాట ఒక్కసారి పడిందంటే చాలు, ఆ అమ్మాయికి పెళ్లి వద్దనీ, పిల్లలు వద్దనీ చుట్టూ ఉన్నవాళ్లే తీర్మానించేస్తారు. వైద్యపరంగా దానికి ఏ ఆధారమూ లేదు. సరిగా చూసుకుంటే ప్రొలాక్టినోమా ఉన్న స్త్రీలలో అత్యధికులు గర్భం దాల్చి, క్షేమంగా కాన్పు అయి, బిడ్డకు తమ పాలే ఇవ్వగలుగుతున్నారు.

ప్రొలాక్టిన్ ఎక్కువైతే గర్భం ఎందుకు రాదు? పాలిస్తున్న తల్లికి కొన్ని నెలలు నెలసరి రాకపోవడం అందరికీ తెలిసిందే. బిడ్డ పాలు తాగుతుండగా వెంటనే మరో గర్భం రాకుండా ప్రకృతి పెట్టుకున్న ఏర్పాటు అది. ప్రొలాక్టినోమాలో బిడ్డ లేకుండానే శరీరం ఆ స్థితిలోకి వెళ్లిపోతుంది. అండాశయాలను నడిపించే హార్మోన్ల లయ అణగిపోతుంది, అండం విడుదల కాదు, నెలసరి తప్పిపోతుంది. కొందరికి రొమ్ముల నుంచి పాలు కూడా వస్తాయి. పెళ్లికాని అమ్మాయి ఈ లక్షణాన్ని ఎవరికీ చెప్పుకోలేక ఏళ్లు గడిపేస్తుంది. సిగ్గుపడాల్సిన విషయం కానే కాదు, ఒక హార్మోన్ దారి తప్పిందంతే.

అయితే ప్రొలాక్టిన్ పెరిగిన ప్రతి చోటా కణితి ఉంటుందనుకోవడం తప్పు. థైరాయిడ్ మందగించినా అది పెరుగుతుంది. వాంతులకు వాడే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్ వంటి మందులూ పెంచుతాయి. అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది గర్భం ఉందేమో అని. నెలసరి తప్పింది, ప్రొలాక్టిన్ పెరిగింది అని మాత్రలు మొదలుపెట్టాక, అసలు కారణం కడుపులో బిడ్డేనని తేలడం అరుదైన పొరపాటేమీ కాదు.

మందుల పని సూటిగా ఉంటుంది. వదులైన కళ్లేన్ని మళ్లీ బిగిస్తాయి. డోపమైన్ ఏ గ్రాహకాల మీద పనిచేస్తుందో వాటి మీదే ఇవీ పనిచేస్తాయి. ముందు వచ్చింది బ్రోమోక్రిప్టిన్. 1970 ప్రాంతం దాకా మనుషుల్లో ప్రొలాక్టిన్ విడి హార్మోన్‌గా ఉందని గట్టిగా రుజువు కాలేదు. అది తేలిన కొద్దికాలానికే ఈ మందు వాడకంలోకి వచ్చింది. తర్వాత వచ్చింది కాబర్గోలిన్. 1994లో 459 మంది స్త్రీలతో ఈ రెండిటినీ పోల్చి చూస్తే, కాబర్గోలిన్ వాడినవారిలో 83 శాతం మందికి, బ్రోమోక్రిప్టిన్ వాడినవారిలో 59 శాతం మందికి ప్రొలాక్టిన్ మామూలు స్థాయికి వచ్చింది. కడుపులో తిప్పడం, తల తిరగడం భరించలేక మందు మానేసినవారు కాబర్గోలిన్ వైపు 3 శాతం, బ్రోమోక్రిప్టిన్ వైపు 12 శాతం.

బ్రోమోక్రిప్టిన్ రోజూ వేసుకోవాలి. కాబర్గోలిన్ వారానికి ఒకటి రెండు సార్లు చాలు. అర మిల్లీగ్రాము మాత్రను మధ్య గీత మీద విరిచి, సగం ఇవాళ, సగం నాలుగు రోజుల తర్వాత వేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. గోరు మీద నిలిచేంత ఆ తెల్లటి ముక్క కొన్ని వారాల్లో నెలసరిని తెప్పిస్తుంది, కొన్ని నెలల్లో గడ్డను కుదిస్తుంది. రాత్రి భోజనం చేశాక, పడుకోబోయే ముందు వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. మొదటి రోజుల్లో మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు. బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు.

గర్భం కోరుకుంటే పని ఇక్కడి నుంచే మొదలవ్వాలి. గర్భం వచ్చాక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్య నిపుణుడు) దగ్గరికి పరుగెత్తడం కంటే, రావడానికి ముందే ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం ఎంతో మేలు. గడ్డ మైక్రో అయితే పెద్దగా ఆగాల్సిన పనిలేదు. ప్రొలాక్టిన్ దిగి, నెలసరి క్రమం తప్పకుండా వస్తుంటే చాలు. మాక్రో అయితే తొందర పడకూడదు. ముందు మందుతో గడ్డను కుదించి, చూపు నరాలకు అది దూరంగా జరిగిందని ఎంఆర్‌ఐలో చూసుకున్నాకే ప్రయత్నించమంటారు. దానికి ఏడాది వరకు, కొందరికి అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. మందుకు లొంగని గడ్డలకూ, మందు పడని వారికీ ముక్కు ద్వారా చేసే ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిన సమయం కూడా ఇదే.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మందు మొదలుపెట్టాక అండం విడుదలయ్యేది నెలసరి రావడానికి రెండు వారాల ముందే. అంటే ఒక్క నెలసరి కూడా చూడకుండానే గర్భం రావచ్చు. నెలసరి రాకపోవడం అలవాటైపోయిన స్త్రీకి గర్భం వచ్చిందన్న అనుమానమే రాదు, నెలల తరబడి మాత్ర వేసుకుంటూనే ఉంటుంది. అందుకే రెండు మూడు నెలసరులు సక్రమంగా వచ్చేదాకా కండోమ్ వంటి జాగ్రత్త తీసుకోమని చెబుతారు. తన నెలసరి ఎన్ని రోజులకు వస్తుందో అప్పటికి తేలిపోతుంది. ఆ తర్వాత ఒక్క వారం ఆలస్యమైనా పరీక్ష చేసుకోవచ్చు, మందు ఆపాల్సిన రోజు చేజారదు.

ఏ మందు మీద ఉండగా గర్భం రావాలి అన్న దాని మీద వైద్యుల్లో కొంత భేదం ఉంది. బ్రోమోక్రిప్టిన్ పాతది, ఆ మందు వాడుతుండగా వచ్చిన 6,000కు పైగా గర్భాల వివరాలు నమోదై ఉన్నాయి. కాబర్గోలిన్ విషయంలో ఆ సంఖ్య సుమారు వెయ్యి. రెండిటిలోనూ గర్భస్రావాలు గానీ, పుట్టుకతో వచ్చే లోపాలు గానీ మామూలు గర్భాల కంటే ఎక్కువగా కనిపించలేదు. అందుకే కొందరు వైద్యులు అనుభవం ఎక్కువున్న బ్రోమోక్రిప్టిన్‌కు మార్చాకే ప్రయత్నించమంటారు. కాబర్గోలిన్ పడి, ప్రొలాక్టిన్ చక్కగా అదుపులో ఉన్న స్త్రీని కేవలం గర్భం కోసం వికారం పెట్టే పాత మందుకు మార్చడం అంత అవసరమైన పనిగా కనిపించదు. మార్పు పడక మందే మానేస్తే ఉన్న అవకాశమూ పోతుంది. క్వినగోలైడ్ అనే మూడో మందు మాత్రం గర్భం కోరుకునేవారికి తగదు.

ఇక రెండు గీతలు కనిపించిన రోజుకు వద్దాం. మైక్రో ప్రొలాక్టినోమా ఉన్నవారికి సలహా స్పష్టం. గర్భం నిర్ధారణ కాగానే, వైద్యుడికి ఫోన్ చేసి చెప్పి, మందు ఆపెయ్యాలి. హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. మందు మాయను దాటి బిడ్డను చేరుతుంది కాబట్టి, అవసరం లేనప్పుడు ఇవ్వకపోవడమే మంచిదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఇప్పటికే చేరిన మందు బిడ్డకు హాని చేసిందని దీనికి అర్థం కాదు. నెలసరి తప్పిన వెంటనే తెలుసుకున్నా, ఎదుగుతున్న పిండానికి అప్పటికే రెండు మూడు వారాల మందు అంది ఉంటుంది. కాబర్గోలిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే రెండున్నర రోజులకు పైగా పడుతుంది కాబట్టి, ఆపాక కూడా కొద్దికాలం దాని జాడ ఉంటుంది. పైన చెప్పిన వేల గర్భాలన్నీ ఇలా మొదటి వారాల్లో మందు అందినవే. ‘మొన్ననే మాత్ర వేసుకున్నాను, ఏమైపోతుందో’ అని రాత్రిళ్లు నిద్ర మానుకోవాల్సిన పని లేదు. ఆ భయంతో గర్భం తీయించుకోవడానికి అసలే కారణం లేదు.

మాక్రో ఉన్నవారి లెక్క వేరు. వారు సొంతంగా మాత్ర ఆపకూడదు. గడ్డ చూపు నరాలకు ఆనుకుని ఉన్నా, గడ్డ కుదించుకుపోయేంత కాలం మందు వాడకముందే గర్భం వచ్చినా, గర్భం పొడుగునా మందు కొనసాగించాలని వైద్యులు నిర్ణయించవచ్చు. అలా తొమ్మిది నెలలూ బ్రోమోక్రిప్టిన్ వాడిన వంద మందికి పైగా స్త్రీల వివరాలు ఉన్నాయి, వారి బిడ్డల్లో ఆందోళన పడేంత తేడా కనిపించలేదు. వంద అనేది చిన్న సంఖ్యే. అయినా చూపు పోయే ప్రమాదం ఎదురుగా ఉన్నప్పుడు తూచుకోవాల్సింది ఆ రెండిటినే.

మాత్ర ఆగింది కదా, ఇక ప్రొలాక్టిన్ ఎంతుందో చూస్తూ ఉందామని ఎవరికైనా అనిపిస్తుంది. గర్భంలో అది చూడకూడదు. మామూలు స్త్రీలో ప్రొలాక్టిన్ మిల్లీలీటరుకు సుమారు 25 నానోగ్రాముల లోపు ఉంటుంది. గర్భం ముదిరేకొద్దీ ఏ గడ్డా లేని ఆరోగ్యవంతురాలిలో కూడా అది పది రెట్ల దాకా పెరుగుతుంది, నెలలు నిండేసరికి చాలామందిలో 200 చుట్టుపక్కలకు చేరుతుంది. బిడ్డకు పాలు సిద్ధం కావాలి మరి. అలాంటప్పుడు ప్రొలాక్టినోమా ఉన్న గర్భిణిలో 180 అని రిపోర్టు వస్తే, అది గడ్డ నుంచి వచ్చిందో, గర్భం నుంచి వచ్చిందో చెప్పే దారే లేదు. కొందరిలో గడ్డ పెరిగినా అంకె పెద్దగా కదలదు, ఇంకొందరిలో గడ్డ కదలకుండానే అంకె ఎగబాకుతుంది. ల్యాబ్ కాగితం మీద ఎక్కువ అని సూచించే ‘హెచ్’ అనే అక్షరం పక్కన ఆ అంకెను చూసి గర్భిణి భయపడటం తప్ప ఆ పరీక్ష వల్ల ఒరిగేదేమీ లేదు.

మరి గడ్డ పెరుగుతుందన్న భయం ఉత్తదేనా అంటే కాదు. గర్భంలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ వెల్లువలా పెరుగుతుంది. ప్రొలాక్టిన్ కణాలను పెంచేది అదే. మామూలు గర్భిణిలో కూడా పిట్యూటరీ గ్రంథి ఉబ్బి, కాన్పు నాటికి 10 మిల్లీమీటర్ల ఎత్తు వరకు వస్తుంది. గడ్డ ఉన్నవారిలో ఆ గడ్డ మీద కూడా అదే ప్రభావం పడుతుంది, పైగా ఇప్పుడు మందు కళ్లెం కూడా లేదు. అయినా మైక్రో గడ్డ ఉన్నవారిలో లక్షణాలు కనిపించేంతగా పెరిగేది వందలో ఇద్దరు ముగ్గురికే. ముందు ఆపరేషన్ గానీ, రేడియేషన్ గానీ జరగని మాక్రో గడ్డల్లో మాత్రం సుమారు ఐదుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి వరకు ఈ ఇబ్బంది రావచ్చు. ముందే ఆపరేషన్ జరిగి ఉంటే అది దాదాపు మైక్రో స్థాయికి దిగుతుంది. మాక్రో ఉన్నవారిని గర్భానికి ముందు అంతకాలం ఆగమనేది ఇందుకే.

గడ్డ పైకి పెరిగితే మొదట తగిలేది చూపు నరాలకు. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు పిట్యూటరీకి సరిగ్గా పైన ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆ కూడలి మీద కింది నుంచి ఒత్తిడి పడితే రెండు కళ్లలోనూ బయటి వైపు, అంటే చెవుల వైపు చూపు తగ్గుతుంది. చిత్రమేమిటంటే ఎదురుగా ఉన్న అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తుంటాయి. కళ్లద్దాల దుకాణంలో అక్షరాల బోర్డు చదివించి ‘చూపు బాగానే ఉంది’ అనవచ్చు. కానీ ఆ మనిషికి నడుస్తుంటే తలుపు చట్రం భుజానికి తగులుతుంటుంది, పక్క నుంచి వచ్చే బండి దగ్గరికి వచ్చేదాకా కనబడదు. గర్భం కదా, ఒళ్లు బరువై తడబడుతున్నానేమో అని సరిపెట్టుకుంటుంది. ఎర్రటి సీసా మూతను కళ్ల ముందు అటూ ఇటూ జరిపి చూస్తే, బయటి సగంలో ఆ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపించడం కొందరిలో తొలి సూచన.

దీన్ని పట్టుకునేది విజువల్ ఫీల్డ్ పరీక్ష. తెల్లటి పెద్ద గిన్నెను బోర్లించి నిలబెట్టినట్టుండే యంత్రం ముందు కూర్చోబెడతారు. గడ్డం ఒక ఆసరా మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించి, ఒక కన్ను మూసి ఉంచుతారు. మధ్యలో ఒక దీపపు చుక్క ఉంటుంది, రెండో కన్ను దాన్నే చూస్తుండాలి. గిన్నె లోపల ఎక్కడెక్కడో చిన్న వెలుగు చుక్కలు మెరుస్తుంటాయి, కొన్ని కనీకనబడనంత మసకగా. చుక్క కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. ఒక్కో కంటికి పదినిమిషాల లోపే. ఏడో నెల దాటిన స్త్రీకి పొట్ట అడ్డం వచ్చి ముందుకు వంగి కూర్చోవడం కష్టమవుతుంది, అలసటకు కన్ను పక్కకు జారుతుంది, ఫలితం తప్పుగా వస్తుంది. ఒక్కసారి తేడా కనిపించగానే కంగారు పడక, కాస్త విశ్రాంతి ఇచ్చి కుర్చీ సరిచేసి మళ్లీ చేయించడం మంచిది. గర్భానికి ముందే ఒకసారి చేయించి ఉంచుకున్న రిపోర్టు విలువ అప్పుడు తెలుస్తుంది, పోల్చుకోవడానికి ఒకటి చేతిలో ఉంటుంది కదా. మాక్రో ఉన్నవారికి మూడు నెలలకు ఒకసారైనా, కొందరికి నెలనెలా ఈ పరీక్ష ఉంటుంది. మైక్రో ఉన్నవారికి లక్షణాలు ఉంటేనే.

తలనొప్పి సంగతి ఇంత సులువు కాదు. గర్భిణుల్లో తలనొప్పి రావడానికి సవాలక్ష కారణాలు. నిద్రలేమి, వాంతులతో నీరు తగ్గడం, పాత మైగ్రేన్, ఏదైనా కావచ్చు. కొత్తగా మొదలై, రోజురోజుకూ పెరుగుతూ, తగ్గకుండా ఉండే తలనొప్పిని మాత్రం పట్టించుకోవాలి. 20 వారాలు దాటిన గర్భిణికి తలనొప్పి వస్తే ముందు చూడాల్సింది బీపీ. గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియాలోనూ తలనొప్పి ఉంటుంది, కళ్ల ముందు మెరుపులూ మసకలూ వస్తాయి. పిట్యూటరీ గడ్డ ఉందని తెలిసిన మనిషి కాబట్టి తలనొప్పిని ఆ ఖాతాలోనే వేసి బీపీ చూడకుండా వదిలేస్తే ప్రాణం మీదకు రావచ్చు.

అనుమానం బలపడితే ఎంఆర్‌ఐ తీస్తారు, చిత్రం స్పష్టంగా రావడానికి ఇచ్చే గాడోలినియం ఇంజెక్షన్ లేకుండా. గర్భంలో గ్రంథి సహజంగానే ఉబ్బి ఉంటుందని తెలిసిన రేడియాలజిస్టు చూస్తేనే ఆ చిత్రానికి సరైన అర్థం వస్తుంది. లక్షణాలు లేకుండా, ‘ఎందుకైనా మంచిది’ అని తీసే ఎంఆర్‌ఐ అవసరం లేదు.

గడ్డ నిజంగానే పెరిగిందని తేలితే ఆపిన మందునే మళ్లీ మొదలుపెడతారు. చాలా చోట్ల బ్రోమోక్రిప్టిన్‌కే మొదటి ఓటు. అది పడనివారికి కాబర్గోలిన్ ఇస్తారు, కొందరు నేరుగా కాబర్గోలిన్‌కే వెళతారు. ఎక్కువమందిలో కొద్ది వారాల్లోనే చూపు తేరుకుంటుంది. మందుకు లొంగకుండా చూపు పడిపోతుంటే ఆపరేషన్, వీలైతే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. నెలలు నిండుతుంటే బిడ్డను ముందు బయటికి తెచ్చి, ఆ తర్వాత గడ్డ సంగతి చూడటం మేలు.

ఒక్క సందర్భంలో మాత్రం గంట కూడా ఆగకూడదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం లేదా ఒకటి రెండుగా కనిపించడం, రెప్ప వాలిపోవడం, మగత. గడ్డలో రక్తస్రావం జరిగితే ఇలా ఉంటుంది. దీన్ని పిట్యూటరీ అపోప్లెక్సీ అంటారు. అరుదే, కానీ అత్యవసరం. శరీరంలో ప్రాణాధారమైన కార్టిసాల్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి స్కానింగ్ కోసం ఆగకుండా, దానికి బదులుగా పనిచేసే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తుంది. తనకు పిట్యూటరీ గడ్డ ఉందని రాసిన కాగితం ఒకటి గర్భిణి సంచీలో ఎప్పుడూ ఉంటే, అత్యవసర విభాగంలో ఆ మొదటి అరగంట వృథా కాదు.

ఈ హైడ్రోకార్టిసోన్ గురించి విడిగా చెప్పుకోవాల్సింది చాలా ఉంది. పెద్ద గడ్డ ఉన్నవారిలోనూ, ఆపరేషన్ అయినవారిలోనూ కొందరికి మిగతా పిట్యూటరీ హార్మోన్లు కూడా తగ్గిపోతాయి. వారు కాబర్గోలిన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్, థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) వేసుకుంటుంటారు. ‘గర్భం వస్తే పిట్యూటరీ మందు ఆపెయ్యాలి’ అని ఎక్కడో విన్న మాట ఇక్కడ ప్రాణాంతకం కాగలదు. ఆపాల్సింది ప్రొలాక్టిన్ మందు ఒక్కటే. హైడ్రోకార్టిసోన్ ఒక్క రోజు కూడా ఆపకూడదు. అది శరీరం తయారు చేసుకోలేకపోతున్న హార్మోన్‌కు బదులుగా ఇస్తున్నది, పైగా మాయలోని ఒక ఎంజైము దాన్ని చాలావరకు నిర్వీర్యం చేసి బిడ్డకు తగినంత మాత్రమే చేరనిస్తుంది. డెక్సామెథసోన్‌ను మాత్రం మాయ అలా అడ్డుకోలేదు, కాబట్టి ఈ అవసరానికి దాన్ని వాడరు.

వేవిళ్ల కాలంలో వీరికి ఇబ్బంది ఎక్కువ. మింగిన మాత్ర పది నిమిషాల్లో వాంతిలో పోతే అది వేసుకోనట్టే. రెండోసారి వేసుకున్నదీ నిలవకపోతే ఇంట్లో చూస్తూ కూర్చోకుండా ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లోవాళ్లు ‘వేవిళ్లే కదా, అందరికీ ఉండేదే’ అని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది కాబట్టి, భర్తకైనా తల్లికైనా ఈ విషయం ముందే విడమరచి చెప్పి ఉంచాలి. చివరి మూడు నెలల్లో డోసు 20 నుంచి 40 శాతం పెంచాల్సి రావచ్చు. నొప్పులు మొదలయ్యాక 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, ఆపై కాన్పు అయ్యేదాకా సెలైన్‌లోనో, ఆరు గంటలకొకసారో ఇస్తారు. ప్రసూతి గదిలోని నర్సుకు ఈ సంగతి ముందుగా తెలిసి ఉండాలి.

థైరాక్సిన్ విషయంలో ఇంకో చిక్కు. థైరాయిడ్ సమస్య ఉన్న మామూలు గర్భిణికి టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌కు పిట్యూటరీ పంపే ఆజ్ఞ హార్మోన్, చూసి డోసు మారుస్తారు. పిట్యూటరీయే దెబ్బతిన్న మనిషిలో టీఎస్‌హెచ్‌ను తయారుచేయాల్సిన గ్రంథే సరిగా లేదు కాబట్టి ఆ అంకె మామూలుగా కనిపించినా దాన్ని నమ్మలేం. ఇక్కడ చూడాల్సింది ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్‌నే. టీఎస్‌హెచ్ తక్కువగా ఉందని థైరాక్సిన్ డోసు తగ్గిస్తే, బిడ్డ మెదడు ఎదుగుదలకు థైరాయిడ్ హార్మోన్ అత్యవసరమైన నెలల్లోనే తల్లికి అది కరవవుతుంది. కాస్త సందేహం వచ్చినప్పుడు, ‘నాది పిట్యూటరీ సమస్య, టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే సరిపోతుందా?’ అని గర్భిణి అడగడంలో తప్పేమీ లేదు.

కాన్పు విషయానికి వస్తే ప్రొలాక్టినోమా ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయాల్సిన పనిలేదు. చూపు దెబ్బతిన్న కొద్దిమందిలో తప్ప, మామూలు కాన్పు అందరికీ ఎలాగో వీరికీ అలాగే.

బిడ్డ పుట్టాక పాలివ్వచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇవ్వచ్చు, నిశ్చింతగా. పాలివ్వడం వల్ల గడ్డ పెరుగుతుందనడానికి ఆధారాలు లేవు. అయితే ప్రొలాక్టిన్ మందు పాలను ఎండగడుతుంది కాబట్టి, పాలిచ్చినంత కాలం దాన్ని మొదలుపెట్టరు. గర్భంలో గడ్డ పెరిగి మందు వాడాల్సి వచ్చినవారికి మాత్రం కాన్పు తర్వాతా మందు కొనసాగుతుంది, వారు పోతపాల వైపు వెళ్లక తప్పదు. అందులో తల్లి చేసిన తప్పేమీ లేదు. ఆమె చూపు నిలవడం బిడ్డకూ అవసరమే. బీపీ ఉన్న బాలింతలకు బ్రోమోక్రిప్టిన్ ఇచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. కేవలం పాలు ఆపడానికి బాలింతలకు ఈ మందు ఇచ్చే పద్ధతిని అమెరికాలో 1990ల మధ్యలో, పక్షవాతం, గుండెపోటు వంటి తీవ్ర దుష్ఫలితాల కారణంగా ఉపసంహరించుకున్నారు.

పాలు మాన్పించాక రెండు మూడు నెలలు ఆగి ప్రొలాక్టిన్ పరీక్ష చేయిస్తారు. తొమ్మిది నెలలుగా అర్థం లేకుండా పోయిన ఆ అంకెకు ఇప్పుడు మళ్లీ అర్థం వస్తుంది. మాక్రో ఉన్నవారికి కాన్పు తర్వాత ఎంఆర్‌ఐ కూడా ఉంటుంది. ఇక్కడ కొందరికి ఊహించని మంచి వార్త ఎదురవుతుంది. గర్భం తర్వాత గడ్డలోని రక్తప్రసరణ మారడం వల్ల కావచ్చు, ప్రొలాక్టిన్ తనంతట తానే మామూలు స్థాయికి దిగిపోతుంది. అధ్యయనాన్ని బట్టి లెక్క మారుతున్నా, పదిలో నలుగురి వరకు ఇలా జరుగుతుంది, మైక్రో గడ్డల్లో మరీ ఎక్కువగా. నెలసరి వస్తుంటే, అంకె బాగుంటే, వారికి మాత్ర మళ్లీ రాయరు. ఆరు నెలలకో, ఏడాదికో ఒక రక్తపరీక్ష రాసి పంపిస్తారు.